మడత చాకులు: సెట్టు పూర్తి చేయాలా, ఒక్కొక్కటే ఏరుకోవాలా?

మడత చాకుల మీద ఇష్టం ఉన్నవారి దగ్గర నాలుగైదు చాకులు చేరిన తరువాత ఒక ప్రశ్న తప్పకుండా తలెత్తుతుంది. చేతికి నచ్చినదాన్ని ఒక్కొక్కటిగా ఏరుకుంటూ పోవడమా, లేక ఒకే తయారీదారు చేసిన ఒక వరుసను పట్టుకొని అందులో ఏదీ తప్పిపోకుండా మొత్తం కూర్చుకోవడమా అన్నదే ఆ ప్రశ్న. కొంతకాలంగా నన్ను ఇదే ఆలోచన వదలకుండా పట్టుకొని ఉంది. హనుమకొండలో ఉంటూ ఫ్రాన్సు, అమెరికా దేశాల చాకుల గురించి ఇంతగా ఆలోచించేవారు ఎక్కువ మంది ఉండకపోవచ్చుగాని, ఉన్న కొద్దిమందికైనా ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో నేను తీసుకున్న నిర్ణయాన్ని, దాని వెనుక ఉన్న కారణాలను కొంత వివరంగా రాస్తున్నాను.

ఏ చాకుల గురించి రాస్తున్నానో ముందుగా చెప్పాలి. బొటనవేలితో నెట్టగానే తెరుచుకొని తాళం పడే ఆధునిక చాకులు ఈ లెక్కలోకి రావు. సంప్రదాయ మడత చాకు బ్లేడుకు గోరు పెట్టి లాగడానికి ఒక సన్నని గాడి ఉంటుంది. పిడి వెన్నులో దాగి ఉన్న ఉక్కు కమాను ఆ బ్లేడు మొదలును ఎల్లప్పుడూ నొక్కిపట్టి ఉంచుతుంది కాబట్టి, తాళం లేకపోయినా తెరిచిన చాకు తెరిచినట్టే నిలుస్తుంది, మూసిన చాకు జేబులో దానంతట అది విచ్చుకోదు. తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ వినిపించే ఆ 'టక్' మన్న చప్పుడు కమాను ఎంత చక్కగా కుదిరిందో చెబుతుంది. పిడికి ఎముక, కొమ్ము, కర్ర లేదా కృత్రిమ పదార్థం బిగిస్తారు. మన దేశంలో మడత చాకు అనగానే అందరికీ ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ గుర్తుకు వస్తుంది. అయితే రాంపురి చాకు సంప్రదాయం వేరు, దాని వెనుక ఉన్న భయం వేరు, నేను ఆ వైపు వెళ్లలేదు. నాకు ఇష్టమైనవి పండు కోసుకోవడానికి, పెన్సిలు చెక్కుకోవడానికి, తాడు తెంపడానికి, గొర్రెల గిట్టలు సవరించడానికి పుట్టిన చాకులు.

సెట్టు అన్న మాటకు అన్నింటికంటే న్యాయంగా సరిపోయేది ఓపినెల్ వరుస. ఫ్రాన్సులోని సావోయ్ కొండ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ అనే యువకుడు 1890లో ఈ చాకును రూపొందించాడు. దీనికి కమాను కూడా లేదు. బీచ్ అనే చెట్టు కర్రతో చేసిన పిడిలో ఒక చీలిక, ఒక ఇరుసు, ఒక బ్లేడు, అంతే. 1897 నాటికి ఇది 1 నుంచి 12 దాకా పన్నెండు పరిమాణాల్లో తయారయ్యేది. 1930లలో 1వ నంబరును, 11వ నంబరును ఆపివేశారు. మరీ చిన్నదైన 1వ నంబరుకు గిరాకీ లేకపోవడం, 10కి 12కి మధ్య 11వ నంబరుకు ప్రత్యేకమైన పని లేకపోవడం ఇందుకు కారణాలని ఊహించడం కష్టం కాదు. మిగిలిన పది నంబర్లనూ ఒకే చెక్క పెట్టెలో అమర్చి ఈనాటికీ అమ్ముతున్నారు. 2వ నంబరు బ్లేడు పొడవు 3.5 సెంటీమీటర్లు, 6వ నంబరుది 7, అందరూ వాడే 8వ నంబరుది 8.5, 12వ నంబరుది 12 సెంటీమీటర్లు. 1955లో మార్సెల్ ఓపినెల్ కనిపెట్టిన తిరిగే ఉక్కు ఉంగరం 6వ నంబరు నుంచి పైవాటికి ఉంటుంది. తెరిచిన బ్లేడు వేళ్ల మీదికి మడతపడకుండా ఆ ఉంగరం ఆపుతుంది. 5, అంతకంటే చిన్న నంబర్లకు అది లేదు, వాటికి కర్ర రాపిడే ఆధారం. 13వ నంబరు కూడా ఒకటి ఉందిగాని, దాని బ్లేడు 22 సెంటీమీటర్లు. ఇంటి పనికి, పొలం పనికి కాని కత్తుల విషయంలో మన ఆయుధాల నియమావళి గీసిన 9 అంగుళాల గీతకు అది చాలా దగ్గరగా వస్తుంది. పది చాకుల పెట్టెలో అది లేదు, నాకు అక్కరా లేదు.

ఈ వరుసలో నాకు నచ్చిన గుణం ఏమిటంటే, నంబరు మారినప్పుడల్లా చాకు చేసే పని నిజంగా మారుతుంది. 3వ నంబరుతో దారం తెంపవచ్చు, కవరు చింపవచ్చు, ముల్లు తీయవచ్చు. పుచ్చకాయ దగ్గర అది ఎందుకూ పనికిరాదు. 12వ నంబరుతో పుచ్చకాయ ముక్కలు చేయవచ్చుగాని, పెన్సిలు చెక్కబోతే చేతికి అడ్డం పడుతుంది. 7కి 8కి మధ్య బ్లేడు తేడా అర సెంటీమీటరే అయినా, పిడి పొడవు, లావు కూడా దానితో పాటు మారడం వల్ల రెండూ అరచేతిలో వేర్వేరుగా కూర్చుంటాయి. రూపాన్ని ఏమాత్రం మార్చకుండా పరిమాణాన్ని మాత్రమే మార్చుకుంటూ పోతే ఒక పనిముట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో ఈ పదింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. అందులోంచి నాలుగు తీసేస్తే మిగిలిన ఆరూ మంచి చాకులే అవుతాయిగాని, ఆ పాఠం మాత్రం చెప్పలేవు. పైగా ఈ వరుసకు అంతు ఉంది. తయారీదారు స్వయంగా రెండు నంబర్లను తీసివేసి, దాదాపు తొంభై ఏళ్లుగా ఆ హద్దును అలాగే నిలిపాడు. పూర్తి చేసినవాడికి పూర్తయిందన్న నమ్మకం కలుగుతుంది.

అమెరికా చాకుల సంగతి ఇంత తేలిక కాదు. నా సందిగ్ధమంతా నిజానికి అక్కడే మొదలైంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో ఉన్న కేస్ కంపెనీ తన చరిత్రను 1889 నుంచి లెక్కపెట్టుకుంటుంది. దాని చాకుల మీద ఉండే నమూనా సంఖ్యలను చదవడం నేర్చుకున్న రోజున నా ఆలోచన ఒక దారికి వచ్చింది. ఉదాహరణకు 3254 అన్న సంఖ్యను తీసుకుందాం. మొదటి అంకె పిడి ఏ పదార్థంతో చేశారో చెబుతుంది. రెండవ అంకె బ్లేడ్లు ఎన్నో చెబుతుంది. చివరి రెండు అంకెలు నమూనాను చెబుతాయి, 54 అంటే ట్రాపర్ అన్నమాట. 3 అంటే పసుపుపచ్చ కృత్రిమ పిడి, 6 అంటే గాట్లు పెట్టిన ఎముక, 5 అంటే జింక కొమ్ము. అంటే 3254, 6254, 5254 అనే మూడు చాకులకూ అవే రెండు బ్లేడ్లు, అదే కమాను, అదే చట్రం. తేడా అంతా పైన బిగించిన పిడి బిళ్లలోనే ఉంది. అదే 3254 పక్కన 6318 పెట్టి చూస్తే పిడి మారింది సరే, బ్లేడ్లు రెండు కాస్తా మూడయ్యాయి, నమూనా ట్రాపర్ నుంచి స్టాక్‌మన్ అయింది. మొదటి అంకె మారితే కంటికి తేడా, తక్కిన అంకెలు మారితే చేతికి తేడా. చాకుల సెట్టు కూర్చేవాడు ఏ అంకె వెంట పోతున్నాడో ముందుగా తేల్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

మొదటి అంకె వెంట పోతే దారికి చివర ఉండదు. ఎముక పిడికి రంగు అద్దడం ఒక కళ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తేనె రంగు, ముదురు గోధుమ రంగు అంటూ ఒక్కొక్క నమూనాకు కొత్త రంగులు వస్తూనే ఉంటాయి, పాతవి ఆగిపోతూనే ఉంటాయి. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు వచ్చినప్పుడల్లా నాకు ఒకటో రెండో చాకులు తెచ్చిపెడతాడు. (విమానంలో చాకును చేతి సంచిలో ఉంచనివ్వరు కాబట్టి అడుగు సామానులో వేసి తేవాలి, తెప్పించుకొనేవారు ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది.) ఈ మధ్య ఫోనులో అతను, "మామా, ట్రాపర్‌ల నీకు ఎర్రది, పచ్చది, నీలిది తక్కువున్నయి గదా, మూడు ఒక్కదగ్గర్నే దొరుకుతున్నయి, తీసుకోమంటవా?" అని అడిగాడు. "మళ్ల ఏడాది ఇంకో రంగు రాదా, అల్లుడా?" అన్నాను. "వస్తది మామా, రాకుంట ఎట్లుంటది?" అన్నాడు. పూర్తి కావడానికి వీలే లేనిదాన్ని పూర్తి చేయాలని బయలుదేరడం నాకు ఇష్టం లేదని ఆ మాటతో నాకు స్పష్టమైంది. స్విట్జర్లాండుకు చెందిన విక్టోరినాక్స్ కూడా అల్యూమినియం పిడి చాకుల్లో ఏటా ఒక కొత్త రంగు విడుదల చేస్తూ వచ్చింది. అందమైన రంగులే, నాణ్యమైన చాకులే. కాని ఈ ఏటి చాకు కోసినట్టే పోయినేటి చాకూ కోస్తుంది.

అదే పెన్సిల్వేనియాలోని టిటస్‌విల్ పట్టణంలో 2006లో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ చాకుల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. వారు ఒక నమూనాను కొద్ది సంఖ్యలో, రకరకాల పిడులతో చేసి, పనిముట్లు మార్చుకొని మరో నమూనాకు వెళ్లిపోతారు. కొన్నేళ్ల తరువాత మొదటి నమూనా మళ్లీ కొత్త పిడులతో రావచ్చు. పనితనంలో ఈనాటి చాకుల్లో వాటికి సాటి వచ్చేవి తక్కువని నేను నమ్ముతాను. వాటిలో ఒకటి నా దగ్గర ఉంది, దాని కమాను బిగి చూసి ఎన్నోసార్లు ముచ్చటపడ్డాను. కాని అక్కడ సెట్టు పూర్తి చేయాలనుకునేవాడు చాకు కోసం కాక, చేజారిన చాకు కోసం డబ్బు ఖర్చు పెట్టవలసి వస్తుంది.

సంవత్సరాల వారీగా సెట్టు కూర్చేవారూ ఉన్నారు. కేస్ కంపెనీ 1970లో బ్లేడు మొదలు మీద ముద్ర కింద పది చుక్కలు వేసి, ఏడాదికొక చుక్క తగ్గించుకుంటూ వచ్చింది. 1979 నాటి చాకు మీద ఒకే చుక్క మిగిలింది. ఒకే నమూనాలో పది చుక్కల నుంచి ఒక చుక్క దాకా పది చాకులు సంపాదించడం కష్టమైన పనే, ఆ పట్టుదలను నేను గౌరవిస్తాను. ఆ సెట్టుకు అంతు కూడా ఉంది. అయినా అక్కడ మారేది చుక్క ఒక్కటే. ఇంగ్లండులోని షెఫీల్డులో జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ 1822లో 1,822 బ్లేడ్లతో ఒకే చాకు తయారుచేసి, ఏడాది మారినప్పుడల్లా ఒక బ్లేడు చేర్చుకుంటూ పోయిందన్న సంగతి చాకుల చరిత్ర తెలిసినవారికి కొత్త కాదు. అది ప్రదర్శనశాలలో పెట్టి చూపించడానికి చేసిన వస్తువు. పనివాడి నేర్పుకు గుర్తు. ఏళ్లను లెక్కపెట్టే చాకు ఎంత గొప్పదైనా జేబులో పట్టదు, దేన్నీ కోయదు.

నా మనసు తేలిపోయేలా చేసింది మాత్రం స్టాక్‌మన్ నమూనా. ఒక్క పిడిలో మూడు బ్లేడ్లు ఉంటాయి. పెద్దది క్లిప్ బ్లేడు. మొన వైపు వెన్ను చెక్కేసినట్టు ఉండి, మొన సన్నగా తేలి, అన్ని పనులకూ పనికివస్తుంది. రెండవది షీప్‌ఫుట్, వాదర తిన్నగా ఉంటుంది, వెన్ను మొన దగ్గర కిందికి వంగి వాదరను కలుస్తుంది, కాబట్టి తిన్నని కోతకు, గిట్టలు సవరించడానికి అనువైనది. మూడవది స్పే, దాని మొన మొద్దుగా గుండ్రంగా ఉంటుంది, పశువులకు వృషణాలు తీసేటప్పుడు పొరపాటున గుచ్చుకోకుండా ఆ ఆకారం ఇచ్చారు. ఇది అమెరికా పశువుల కాపరుల కోసం పుట్టిన చాకు. జనగామ వైపు గొర్రెలు మేపే ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చినప్పుడు దీన్ని ఆయన చేతిలో పెట్టాను. ఏ బ్లేడు దేనికో నేను ఒక్క మాటా చెప్పలేదు. ఆయన మూడూ తెరిచి, బొటనవేలితో వాదరలు తడిమి, షీప్‌ఫుట్ చూపించి, "గిది గిట్టలు తీయనీకె మంచిగుంటది సారు" అన్నారు. స్పే బ్లేడును కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి మొన లేదు, జీవం తన్నుకున్నా గుచ్చదు. తెలిసినోడే జేసిండు" అన్నారు. ఇంగ్లీషు ముక్క రాని మనిషికి, ఆ చాకు పుట్టిన దేశం ఎటువైపు ఉందో పట్టని మనిషికి, బ్లేడు ఆకారమే అన్నీ చెప్పింది. అసలు సెట్టు అంటే ఆ మూడు బ్లేడ్లే అని నాకు అనిపించింది. పనికొకటి చొప్పున ఎంచి, ఒకదాని పని ఇంకొకటి చేయకుండా, ఒక పిడిలోకి ఒదిగించిన సెట్టు. దాన్ని ఎవరో నూరేళ్ల కిందటే పూర్తి చేసి పెట్టారు. ఎనిమిది రంగుల్లో మళ్లీ పూర్తి చేయవలసిన అవసరం నాకు కనిపించలేదు.

పిడుల సెట్టు గురించి ఇంకొక విషయం ఉంది, అది ఇష్టాయిష్టాలకు సంబంధించింది కాదు. అమెరికా, ఇంగ్లండు, జర్మనీ చాకుల్లో అన్నింటికంటే పేరున్న పిడి సాంబర్ జింక కొమ్ముతో చేసినది. లోపలి గుజ్జు భాగం తక్కువ, గట్టి భాగం ఎక్కువ ఉండటం వల్ల ఆ కొమ్ము పిడికి బాగా పనికివస్తుంది. ఆ కొమ్ము చాలాకాలం మన దేశం నుంచే వెళ్లింది. ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల్లో తిరిగేది ఆ జింకే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాని కొమ్ముతో వ్యాపారం ఇక్కడ నిషిద్ధం, దానంతట అది రాలిన కొమ్ముకు కూడా మినహాయింపు లేదు. సాంబర్ కొమ్ము పిడి సెట్టు పూర్తి చేయాలని విదేశాల నుంచి తెప్పించుకొనేవారు ఈ సంగతి తప్పకుండా గుర్తుంచుకోవాలి. చట్టం అటుంచినా, మన అడవిలోని జంతువు కొమ్మును వరుసలో ఖాళీ నింపడం కోసం కొనడం నాకు సమ్మతం కాదు. నా జాబితాలో 5తో మొదలయ్యే సంఖ్య ఒక్కటీ లేదు.

ఇక సంరక్షణ. సెట్టు గురించి ఆలోచించేవారు దీన్ని చివరికి వదిలేస్తారుగాని, మన వాతావరణంలో ఉన్నవారు మొదటే ఆలోచించాలి. సంప్రదాయ చాకుల్లో చాలావాటి బ్లేడ్లు కార్బన్ ఉక్కువి. అందులో తుప్పును ఆపేంత క్రోమియం ఉండదు. పచ్చి మామిడికాయ కోస్తే పులుపుకు బ్లేడు మీద నీలం, బూడిద రంగు పొర ఏర్పడుతుంది; అది మంచిదే, కొంతవరకు ఉక్కును కాపాడుతుంది. చెడ్డది ఎర్ర తుప్పు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో ఉండే తేమకు, తుడవకుండా పక్కన పెట్టిన బ్లేడు మీద అది చూస్తుండగానే మొలుస్తుంది. బ్లేడు మీద కనిపించే తుప్పును తుడిచివేయవచ్చు. కమాను లోపలి వైపు, ఇరుసు చుట్టూ పట్టే తుప్పు కనిపించదు, చాకు తెరవబోయినప్పుడు గరగరలాడితే తప్ప తెలియదు. వంటింటి నూనెల్లో నువ్వుల నూనె కొన్నాళ్లకు జిగురు కడుతుంది. కొబ్బరినూనె జిగురు కట్టదు, తినేవాటిని కోసే బ్లేడుకు భయం లేకుండా రాయవచ్చు. కాని 24 డిగ్రీల ప్రాంతంలో గడ్డకడుతుంది కాబట్టి ఇరుసులో వేస్తే మన డిసెంబరు ఉదయాల్లో చాకు మొండికేస్తుంది. అందువల్ల బ్లేడుకు కొబ్బరినూనె, ఇరుసుకు ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వాడుతున్నాను. తోలు తొడుగులో దాచడం మాత్రం మంచిది కాదు. తోలును పదును చేసిన మందులు తేమతో కలిసి ఉక్కునూ ఇత్తడినీ తినేస్తాయి.

ఓపినెల్‌కు ఉన్న సమస్య వేరు. వానాకాలంలో బీచ్ కర్ర ఉబ్బి బ్లేడును గట్టిగా పట్టేసుకుంటుంది, గోటితో లాగితే రాదు. సావోయ్ ప్రాంతంవారు ఇందుకు ఒక చిట్కా పాటిస్తారు. పిడి చివరి భాగాన్ని బల్ల అంచుకు తగిలేలా తడితే బ్లేడు కాస్త బయటికి వస్తుంది, అప్పుడు పట్టుకొని లాగవచ్చు. ఎండాకాలంలో కర్ర బాగా ఆరి ఉన్నప్పుడు ఇరుసు భాగానికి అవిసె నూనె పట్టించి ఆరబెడితే ఉబ్బడం కొంత తగ్గుతుంది.

అన్నింటికంటే ప్రమాదకరమైనది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడి. పాత చాకుల్లో ముత్యపు చిప్పలా, తాబేటి చిప్పలా మెరిసే అందమైన పిడులు చాలావరకు దానితో చేసినవే. ఆ పదార్థం పాతబడే కొద్దీ తనంతట తానే విచ్ఛిన్నమవుతూ ఆమ్లపు ఆవిరిని వదులుతుంది. వేడి ఎక్కువైతే ఆ విచ్ఛిత్తి వేగం పెరుగుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే వరంగల్ ఎండలు దానికి తగినంత వేడిని ఇస్తాయి. ఆ ఆవిరి ముందుగా ఆ చాకు ఉక్కును, తరువాత అదే పెట్టెలో ఉన్న తక్కిన చాకులన్నింటినీ తుప్పు పట్టిస్తుంది. చక్కగా మూత పడే పెట్టెలో, పక్కపక్కనే పేర్చిన పూర్తి సెట్టుకు ఇంతకంటే పెద్ద ముప్పు లేదు, ఒక చెడ్డ పండు బుట్టనంతా చెడగొట్టినట్టే. సెల్యులాయిడ్ పిడి ఉన్న చాకును విడిగా, గాలి ఆడే చోట ఉంచాలి; అంటే దాన్ని సెట్టులో చేర్చినా సెట్టుతో పాటు ఉంచలేము. ఒక వానాకాలం పొడుగునా ఎన్ని చాకులను నా చేతులతో తుడిచి, నూనె రాసి, సాన పట్టగలనో అన్నే నా దగ్గర ఉండాలన్న హద్దు నాకు డబ్బు కంటే, అల్మారాలో చోటు కంటే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఉంటూ ఉక్కు పనిముట్లు సేకరించేవాడు మన నేల ఉక్కును పక్కన పెట్టి ఆలోచించలేడు. ఇప్పటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు వండేవారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడికి వెళ్లిన వాయిసీ అనే ఆంగ్లేయుడు ఆ విధానాన్ని, ఆ ఉక్కు కోసం అంత దూరం నుంచి వచ్చే పర్షియా వర్తకుల సంగతిని నమోదు చేశాడు. దక్షిణ భారతంలో పుట్టిన ఈ రకం ఉక్కుతో లండనులో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు శస్త్రచికిత్స పనిముట్లు, క్షౌరపు కత్తులు చేసి, ఐరోపాలోని మేలిరకం ఉక్కు కంటే దీన్నే తాను ఇష్టపడతానని తన ప్రకటన పత్రంలో అచ్చు వేయించుకున్నాడు. మైకేల్ ఫారడే అతనితో కలిసి ఈ ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. ఇంత చరిత్ర ఉన్న నేల మీద మడత చాకు సంప్రదాయం పెద్దగా కనిపించదు. మన కమ్మరి చేసినవి కొడవలి, గొడ్డలి, కత్తిపీట, గీత కత్తి. ప్రతిదానికీ దాని పని ఉంది, దాని పనికి తగిన వంపు ఉంది. తాటిచెట్టు ఎక్కే గౌడన్న నడుముకు కట్టుకున్న గీత కత్తి వాదరను చూసినవారికి సన్నని పదును అంటే ఏమిటో ఇంకొకరు చెప్పనక్కరలేదు. గెల మీద పలుచని పొర తీస్తేనే కల్లు పారుతుంది. మొద్దు కత్తితో ఆ పని కాదు. ఈనాటి కమ్మరి కొలిమిలో ఇవన్నీ చాలావరకు పాత లారీల కమాన్ పట్టీల నుంచి పుడతాయి. ఆ ఉక్కు మంచి ఉక్కు. నా చాకుల మధ్య ఒక గీత కత్తి ఉండాలన్నది నేను చాలాకాలం కిందటే అనుకున్న మాట. అది మడతపడదు, ఏ కంపెనీ వరుసలోనూ లేదు. అయినా పనికొక ఆకారం అన్న కొలతతో చూస్తే నా సెట్టులో దానికున్నంత హక్కు మరి దేనికీ లేదు.

కాబట్టి నా నిర్ణయం ఇది. ఓపినెల్ పది నంబర్లనూ పూర్తి చేస్తాను. పెట్టెగా కాకుండా విడివిడిగా కొంటాను, ఎందుకంటే మూడు నంబర్లు ఇప్పటికే ఉన్నాయి, అవి వాడకంలో నల్లబడి నా చేతికి అలవాటైనవి. పెట్టె అందం కోసం వాటికి జంటలు తెచ్చుకోను. అమెరికా చాకుల్లో పిడుల సెట్టు, రంగుల సెట్టు, చుక్కల సెట్టు ఏదీ కూర్చను. నమూనాకు ఒకటి చొప్పున, అది కూడా ఉన్నవాటికి చేతకాని పనిని చేసే బ్లేడు ఉంటేనే తీసుకుంటాను. ఆ లెక్కన ట్రాపర్, స్టాక్‌మన్ ఉన్నాయి. జేబులో ఉన్నట్టే తెలియని బుల్లి పీనట్ ఒకటి, పొలంలో మొరటు పనికి ఒక్క వెడల్పు బ్లేడుతో ఉండే సాడ్‌బస్టర్ ఒకటి, ఇరుసు దగ్గర పొడవైన లోహపు కవచంతో షెఫీల్డు కాలం నుంచి వస్తున్న బార్లో ఒకటి చేరతాయి. అన్నింటికీ ఎముక లేదా పసుపుపచ్చ పిడి చాలు. ఇప్పటికే ఉన్న అదనపు రంగు ట్రాపర్లను, చాకు విలువ తెలిసి వాడుకొనే మిత్రులకు ఇచ్చేస్తాను. సెల్యులాయిడ్ ఎంత అందంగా ఉన్నా ఇంటికి రాదు.

ఇంకా తేలనిది కాంగ్రెస్ నమూనా ఒక్కటే. వెన్ను కొద్దిగా లోపలికి వంగిన పిడి, అందులో మామూలుగా నాలుగు బ్లేడ్లు. వాటిలో షీప్‌ఫుట్ చేసే పని స్టాక్‌మన్ ఇప్పటికే చేస్తున్నది, కలం చెక్కే చిన్న బ్లేడు పనిని పీనట్ చేస్తుంది. నా దగ్గర లేనిది కోపింగ్ అని పిలిచే సన్నని తిన్నని బ్లేడు, కర్ర చెక్కేవారు ఇష్టపడేది. మేనల్లుడి దగ్గర ఒక కాంగ్రెస్ ఉంది, ఈసారి వచ్చేటప్పుడు చూడటానికి తెమ్మన్నాను. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర ముక్కలు కొన్ని సంపాదించి ఉంచాను. ఆ మెత్తని కర్రలో లోపలి మలుపు ఒకటి గీసి, ముందు స్టాక్‌మన్‌తో, తరువాత కోపింగ్ బ్లేడుతో తీసి చూస్తాను. స్టాక్‌మన్ తీయలేని మలుపును అది పీచు లేవకుండా తీస్తే కాంగ్రెస్ జాబితాలో చేరుతుంది, లేకపోతే మేనల్లుడి వెంటే తిరిగి వెళ్తుంది.